పెట్టె మీద రాయనిది

ప్రకాశం బజార్ల నా దుకాణం
నాలుగడుగుల వెడల్పు.
మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, నోరు పడిపోయిన రేడియోలు
నా బల్ల మీద కడుపులు తెరుసుకొని పడుకుంటయి.

ఆదివారం పొద్దుగూకంగ
కండక్టర్ సైదమ్మ వచ్చింది
సంచిల ఒక తెల్ల డబ్బా పట్టుకొని.
నైటవుట్ డ్యూటీకి పోతే ఇంటికి తాళమే దిక్కని
మూడేండ్ల కింద గోడకు బిగించుకున్న
దొంగల గంట.

"నిన్న రాత్రి మాట్లాడిందన్నా ఇది."
"ఏమన్నది?"
ఆమె జవాబుకు టైం పడ్తది.
నత్తి. డిపో మొత్తానికి ఎరుకే.
నేను స్క్రూడ్రైవర్ తుడుసుకుంట ఆగిన.

"క్ష... క్షమించండి, అర్థం కాలేదు,
మళ్లీ చెప్పండి, అన్నది."

పుట్టిన కాడికెల్లి
ఊరంతా ఆమెను అడిగిన మాటే.

అట్టపెట్టె గూడ దాసిపెట్టింది, బిల్లుతోటి.
ఇద్దరం బల్బు కింద పెట్టి సదివినం.
బ్యాటరీ ఒకటి. సైరన్ ఒకటి.
మేకులు నాలుగు, ప్లాస్టిక్ బిరడాలు నాలుగు.
మైకు అన్న మాట
ఏ మూలకూ లేదు.

మూత ఇప్పిన.
సైరన్ పక్కన సూది మొన అంత బొక్క,
బొక్క ఎనుక నువ్వుగింజ అంత చెవి.

కంపెనీకి ఫోన్ చేస్తే
పిల్లగాడెవరో మంచిగనే మాట్లాడిండు.
ఉన్నది మేడం, మొన్నటిదాక నిద్రల ఉండె మేడం,
కొత్త అప్‌డేట్‌తోటి లేసింది మేడం,
పెట్టె మీద రాసుడు మరిచినం మేడం.

మేకులు నాలుగని లెక్కగట్టి రాసినోళ్లు
చెవిని మరిచిండ్రట.

మా మర్రిగూడ దిక్కు నీళ్లు గూడ
తేటగనే ఉండె.
గిలాసల పోసి ఎండకు పట్టి చూసినా
ఏం కనబడకపోయేది.
మా మేనమామ నడుము వంగినంక గదా
ఆ నీళ్లల్ల ఏమున్నదని
మేం అడుగుడు నేర్సుకున్నది.

సైదమ్మ స్టూలు మీద కూసున్నది.
"దాసుకునే ముచ్చట్లేం లేవన్నా నాకు.
బంగారం లేదు, భూమి తగాదా లేదు.
కాని..."

కాని రోజూ రాత్రి
తలుపుకు గొళ్లెం పెట్టి
గోడ ముంగట నిలవడి
స్టేజీల పేర్లు సదువుకునేదట.
నార్కట్‌పల్లి. చిట్యాల. చౌటుప్పల్.
'న' కాడ నాలుకకు తాళం పడ్తది,
ఇరవై సార్లు, ముప్పై సార్లు,
ఒక్కోసారి ఏడుపొస్తది.
అద్దం ముంగటైతే తన మొఖమే తనను చూస్తది,
గోడైతే ఏమనదని
గోడకు చెప్పుకున్నది.

"నేనెక్కడెక్కడ ఆగిన్నో
దాంట్ల లెక్కుంటదా అన్నా?"

నా దగ్గర మీటరున్నది,
కరెంటు ఎంతొస్తుందో చెప్తది.
నోట్లకెల్లి పోయిన మాట ఏ ఊరు చేరిందో
చెప్పే మీటరు
నేనింకా చూడలే.

సోల్డరింగ్ కడ్డీ కాగినంక
ఆ గింజను పీకిన.
పాత టికెట్ ముక్కల చుట్టి ఇచ్చిన.
పైసలొద్దంటే ఇనలే,
వంద నోటిచ్చి
చిల్లర రెండుసార్లు లెక్కవెట్టుకొని పోయింది.

ఆ రాత్రి ఇంట్ల టీవీ ప్లగ్గు పీకిన.
ఏమైందని అడిగింది నా భార్య.
చెప్పబోయి
చార్జింగ్ పెట్టిన ఫోన్ దిక్కు చూసి
ఊకున్న.

గురువారం సామాన్లకని పట్నం పోతుంటే
ఎక్కినంక చూసిన, ఆమె బస్సే.
బైపాసు దాటి కొంత దూరం పోంగనే
"నా... నా..."

ఎనుక సీటుకెల్లి కాలేజీ పిలగాడు
"నార్కట్‌పల్లా?" అన్నడు,
ఎటకారానికి కాదు, సాయానికే.

సైదమ్మ చెయ్యెత్తింది.
"ఆగు. నేనే చెప్త."

డ్రైవర్ బ్రేకు మీద కాలు పెట్టిండు.
నలభై మందిమి
ఆమెకు కనబడుకుంట
ఇన్నం.

"నార్కట్‌పల్లి."

దిగేటోళ్లు దిగిండ్రు.